నా నవల రాసినాయన

ఈ రోజు మధ్యాహ్నం చిత్తూరు నుంచి ఒక పాఠకుడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. హొగేనక్కల్ జలపాతం చూసి తిరిగి వెళుతూ, వారపత్రికలో వస్తున్న నా నవల మీది అభిమానంతో తమిళనాడులోని మా ధర్మపురిలో దిగారట. నేను కాఫీ తెచ్చేసరికి ఆయన మావారి చేతులు పట్టుకుని ఉన్నారు.

"ఇప్పుడు ఆడపేరుంటేనే పత్రికలవాళ్ళు నవలలు వేస్తా ఉండారని నాకు తెలుసు సార్. మీ ఇంటామె పేరు పెట్టుకున్నారు, తప్పేం లేదు. కరువు గురించి అట్లా రాయడం ఆడవాళ్ళ వల్ల అయ్యే పని కాదు."

మావారికి తెలుగు అక్షరాలు రావు. ఆయన చదువంతా తమిళంలోనే సాగింది. ఆయన నవ్వి, "ఏదో సార్, ఇంత దూరం వచ్చినారు, కాఫీ తాగండి" అన్నారు. కాదని మాత్రం అనలేదు. నేనూ అనలేదు. రాసింది నేనేనని తెలిస్తే ఆ కరువు ఆ పాఠకుడికి ఇంకా అంత బాగుంటుందా అని నాకు సందేహం పట్టుకుంది.

ఆయన వెళ్ళాక మావారు నా వైపు తిరిగారు.

"ఏమే, ఆ కథలో ఏం రాసినావు? రేపు ఇంకెవరన్నా వచ్చి అడిగితే నాకు తెలియాల కదా."

నేను రాయడం మొదలుపెట్టాక ఆయన ఆ మాట అడగడం ఇదే మొదటిసారి. చెప్పాలో వద్దో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. మీరైతే చెబుతారా?