బయ్యమ్మ అడిగిన గంట

బయ్యమ్మ మదనపల్లె కాలేజీలో బి.యస్సీ రెండో సంవత్సరం చదువుతున్న రోజులవి. డెబ్బై ఎనిమిదో సంవత్సరం కాబోలు. వాళ్లది చౌడేపల్లె దగ్గర పల్లె. తల్లి రెడ్డెమ్మ చెనక్కాయల మూటతో జారిపడి నడుము విరగ్గొట్టుకున్నప్పటినుంచీ ఇంటి పనంతా ఆ పిల్ల మీదే పడింది.

కోడి కూయకముందే లేచి పేడ తీయాలి, ఆవుల పాలు పిండాలి, సంగటి కెలకాలి. తండ్రికీ అన్నకూ పెట్టేసరికి బస్సు వచ్చేసేది. తాను తిననే లేదన్న సంగతి పుంగనూరులో బస్సు మారేటప్పుడు గుర్తొచ్చేది. తల దువ్వుకోవడం కూడా ఆ బస్సులోనే. సాయంత్రం ఇల్లు చేరితే మళ్లీ అవే ఆవులు, అదే పొయ్యి. పుస్తకం తెరిస్తే కళ్లు మూతలు పడేవి.

ఒకనాడు ల్యాబులో నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయింది. స్నేహితురాలు ఇందిర ఆమెను మిషన్ ఆసుపత్రి కాంపౌండులోని తమ ఇంటికి నడిపించుకుపోయింది. ఇందిర తల్లి ప్రేమకుమారి అక్కడే నర్సు. కళ్ల రెప్పలు లాగి చూసి, మజ్జిగన్నం తినిపించి, కిటికీ మూసి పడుకోమంది.

బయ్యమ్మ లేచేసరికి ఎండ వాలిపోయింది. ఇంతసేపు తనను ఎవరూ పిలవలేదే అనిపించింది. అది తలచుకోగానే ఏడుపు ముంచుకొచ్చింది.

ప్రేమకుమారి పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగింది. "నీకు రోగమేమీ లేదమ్మా. తిండీ నిద్రా లేవు, అంతే. దినంలో ఒక గంటన్నా నీదని ఉండాదా?"

బయ్యమ్మ తన దినాన్ని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పోయింది; ఒక్క గంటా మిగల్లేదు.

ఆ రాత్రి తండ్రి నారాయణస్వామి సంగటి ముందు కూర్చున్నప్పుడు, తల ఎత్తకుండానే చెప్పింది. "నాయినా, తెల్లారి పాలు ఇంక నేను పిండలేను. అన్నను పిండమను. ఆ గంట నేను పండుకుంటా."

అన్న మునికృష్ణ చదువు మానేసి ఊరికే ఉన్నాడు. పక్కనే తింటున్నవాడు విననట్టు చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. తండ్రి మరో ముద్ద తుంచుకున్నాడు. తల్లే అంది, మంచంలోంచి.

"నీ ఈడులో నేను సేనూ సూసుకుంటి, ఇల్లూ సూసుకుంటి. నాకెవురిచ్చినారు గంట?"

"నీకూ ఇచ్చుంటే నీ నడుము ఈ మాదిరి అయ్యుండదేమోమ్మా."

రెడ్డెమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. అనకూడని మాట అన్నానేమో అనుకుంటూ బయ్యమ్మ అన్న తిన్న కంచం తీసింది.

మర్నాడు తెల్లవారుజామున అలవాటుగా మెలకువ వచ్చింది. చూస్తే తల్లి గోడ పట్టుకుని నిలబడి కొడుకును తట్టి లేపుతోంది. "లెయ్యప్పా. చెల్లెలు పండుకోనుండాది."

మునికృష్ణ సణుగుతూనే లేచాడు. ఆవు తన్నింది, సగం పాలు నేలపాలయ్యాయి. వారం పాటు డెయిరీకి పోయే పాలు తగ్గాయి. అయినా రెడ్డెమ్మ అతన్ని లేపడం మానలేదు. బయ్యమ్మ ఆ గంట పడుకునేది, లేచి కూర్చుని తినేది.

ఏళ్ల అలసట ఒక్క గంటతో తీరేదా? చివరి సంవత్సరం కెమిస్ట్రీ తప్పింది. మళ్లీ రాసి గట్టెక్కింది. తర్వాత బి.ఎడ్. చేసి, ఎనభై మూడులో కుప్పంలో టీచరుగా చేరి, ఒక గది అద్దెకు తీసుకుంది.

ఒకసారి తల్లిని తెచ్చి తన దగ్గర పెట్టుకుంది. మొదటి రోజే రెడ్డెమ్మ చీకటితోనే లేచి పొరక కోసం వెదికింది. గది చిన్నది, చిమ్మేందుకు ఏమీ లేదు. ఆవులు లేవు. ఏం చేయాలో తోచక కాసేపు గడపలో కూర్చుని వీధిని చూసింది. తర్వాత కూతురి పక్కకు వచ్చి, తనూ ఒక గంట అడిగి తీసుకున్నట్టు, మెల్లగా ఒరిగింది.

బయ్యమ్మ బడికి బయలుదేరే వేళకు ఆమె గాఢనిద్రలో ఉంది. బయ్యమ్మ చెప్పులు చేత పట్టుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.