ఎడమ పెడలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నిటికంటే నిగనిగలాడే వస్తువు మా నాయన సైకిలు. ఆయన దుర్గిలో బడిపంతులు. పొద్దున్నే సైకిలెక్కి పోయి మసక చీకటికి వచ్చేవాడు. అలాంటి మనిషికి ఛాతీ జబ్బు పట్టుకుంది. దగ్గితే గుడ్డ మీద నెత్తురు కనిపించేది. ఇక సైకిలు తొక్కితే ప్రాణానికే ముప్పని నరసరావుపేట డాక్టరు చెప్పాడు. మా నాయన వింటేనా! బడి పిల్లలు ఎదురుచూస్తుంటారని, మేం లేవకముందే వెళ్లిపోయేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన లోపల మంచం మీద కునుకు తీస్తుంటే, మా నాయనమ్మ వాకిట్లో సైకిలు సీటు కింద సంచిలోంచి పానా తీసింది. పెడళ్లు ఊడదీసి దాచేస్తే ఎలా పోతాడో చూద్దామని ఆమె ఎత్తు. నన్ను సైకిలు పట్టుకోమంది. కుడి పెడలు తేలిగ్గానే వచ్చింది. ఎడమది కదల్లేదు. కుడిదాన్ని తిప్పినట్టే దాన్నీ తిప్పుతోంది పాపం, ఒంట్లో బలమంతా పెట్టి.

"దీని దుంప తెగ, నా కొడుకు కంటే మొండిగా ఉందేందే ఇది!" అని నా మీద విసుక్కుంది.

లోపల దగ్గు వినిపించింది. ఇద్దరం కొయ్యబారిపోయాం.

"అమ్మా," అన్నాడు మా నాయన మంచం మీదనుంచే, "ఎడమది అట్టా తిప్పితే ఇంకా బిగుసుకుద్ది. పానా పైకి పెట్టి, వెనక చక్రం వైపు తిప్పు. ఏ పెడలైనా అంతే."

నాయనమ్మ పానా పైకి పెట్టింది. ఆయన చెప్పినట్టే తిప్పింది. పెడలు ఊడి చేతిలోకి వచ్చాక, సైకిలు పక్కనే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ రెండూ జొన్నల కుండలో దాచింది. మా నాయన ఒక్కనాడూ అడగలేదు. జొన్నలు తీసేటప్పుడు కుండలో ఇనుము చప్పుడైతే, గోడవైపు తిరిగి పడుకునేవాడు.

చలికాలం దాటకుండానే పోయాడు. సైకిలు బడికి వచ్చిన కొత్త పంతులికి ఇచ్చేటప్పుడు, నాయనమ్మే పెడళ్లు బిగించింది, రెండూ ముందు చక్రం వైపు తిప్పి. "మీ నాయన చెప్పిందేగా, తిరగేశానంతే" అంది నాతో.

ఇప్పుడు నాకూ మోకాళ్లు పోయాయి. మెట్లెక్కి పడతానని మా కోడలు మేడ తాళంచెవి మినప్పప్పు డబ్బాలో దాచింది. నాకు తెలియదనుకుంటుంది. తీసుకోవాలనిపించినప్పుడల్లా మా నాయన మంచం కళ్లముందు మెదులుతుంది, ఊరుకుంటాను. మొన్న దాచిన చోటు తనకే గుర్తురాక ఇల్లంతా వెతుక్కుంటుంటే, "పప్పు డబ్బాలో చూడమ్మా" అన్నాను.