పెదనాయన అనుమానం

రేపు మా నాయన సంవత్సరీకం. అందరి ముందూ చదువుదామని ఆయన గురించి ఒక పేజీ కంప్యూటర్‌లో టైపు చేసి, ఈ సాయంత్రం మా పెదనాయనకు చూపించాను. నాకు డిస్లెక్సియా. పెన్నుతో రాస్తే అక్షరాలు తారుమారవుతాయి. కీబోర్డు మీదైతే మెల్లగా నొక్కి, దాన్ని కంప్యూటర్ చేత పైకి చదివించుకుని, తప్పులు దిద్దుకుంటాను.

పెదనాయన చదివి, కళ్లద్దాలు తీసి నన్ను అదోలా చూశారు.

"ఎవురు రాసిచ్చినారమ్మా?"

"నేనే, పెదనాయనా."

"నువ్వా? పలక మీద నీ పేరే తిరగేసి రాసేదానివి గదా! యాడనో కాపీ కొట్టినావు."

"ఏదన్నా చెప్పు, నీ ముందరే టైపు కొడతా" అన్నాను. ఆయన కుర్చీ లాక్కుని నా పక్కనే కాపలా కూర్చున్నారు.

"రాయి. నాకు జరమొస్తే మీ నాయన రాచర్ల ఆస్పత్రి దాకా నన్ను ఈపున మోసుకోని పోయినాడు."

ఆ సంగతి నాకు ఇంతవరకూ తెలియదు. నిదానంగా టైపు చేశాను. కంప్యూటర్ ఆ మాటనే ఆడగొంతుతో చదివింది. పెదనాయన కండువాతో కళ్లు తుడుచుకున్నారు.

తర్వాత గొంతు తగ్గించి అడిగారు: "సరే, రాసింది నువ్వే. మరి ఆ చదివే ఆడమనిషి ఎవురు?"

ఈ అనుమానం ఎట్లా తీర్చాలో మీరే చెప్పండి.