హనోయిలో లేని కడుపునొప్పి

కోవిడ్ తగ్గి విమానాలు మళ్ళీ నిండుగా తిరగడం మొదలైన ఏడాది వేసవిలో నన్ను జంషెడ్‌పూర్‌లోని సాక్చి బ్రాంచికి సీనియర్ మేనేజర్‌గా వేశారు. అదే నా చివరి పోస్టింగు. మాది సాధారణ బీమా కంపెనీ. లారీలు, గోడౌన్లు, అగ్నిప్రమాదాలు, విదేశీ ప్రయాణాలు మా సరుకు.

అప్పలరాజు గారు ఆ ఊళ్ళోనే జుగ్సలాయి బజారులో ఇనుప సామాన్ల వ్యాపారి. పెద్దలది బొబ్బిలి వైపు. ఆయన భార్య సరోజిని గారు ఇంజనీరు. ఉక్కు ఫర్నేసుల లోపల పేర్చే ఇటుకల విషయంలో సలహాలిస్తూ తరచూ విదేశాలు తిరిగేవారు. ఆవిడ టికెట్లు, వీసాలు, బీమా అన్నీ ఆయనే చూసేవారు. ప్రతిసారీ విడిగా పాలసీ కొని విసిగిపోయి, ఆవిడ వియత్నాంలోని హనోయిలో ఉండగా ఒక సాయంత్రం మా బ్రాంచికి వచ్చారు.

"ఏటమ్మా, ఇన్నేసి సార్లు తిరిగేవోళ్ళకి ఏటైనా తగ్గిత్తారా?" అని మొదలుపెట్టారు.

అలాంటివారికి వార్షిక మల్టీ ట్రిప్ పాలసీ ఉందని చెప్పాను. ఒకసారి ప్రీమియం కడితే ఏడాదిలో ఎన్నిసార్లయినా వెళ్ళి రావచ్చు. కాని ఒక్కో ప్రయాణానికి రోజుల హద్దు ఉంటుంది. అది దాటితే పై రోజులకు రక్షణ ఉండదు. బీపీ, షుగర్ వంటివి దాస్తే క్లెయిమ్ రోజున కంపెనీ చేతులెత్తేస్తుంది. సరోజిని గారికి బీపీ ఉంది. ఆ సంగతి రాయకపోతే ప్రీమియం ఎంత తగ్గుతుందని ఆయన అడిగారు. పాలసీ మొత్తం దండగవుతుందన్నాను.

ఆయన దృష్టంతా సూట్‌కేసు పోతే ఏమిస్తారన్న దాని మీదే ఉంది. పైగా మేకుల బస్తాకి ఆడినట్టు బేరం. రేటు నా చేతిలో ఉండదంటే నమ్మలేదు.

"మేనేజరు మీరు కదా. మీ చేతిలో నేకపోతే మరెవులి చేతిలో ఉంటాది?"

నాకు చిలిపి ఆలోచన వచ్చింది. పరదేశపు ఆసుపత్రులతో మాట్లాడేది బీమా కంపెనీ కాదు, అది కుదుర్చుకున్న సహాయ సంస్థ. పాలసీ విలువంతా ఆ సంస్థ ఫోను ఎత్తడంలో ఉంది. "కొనేముందు ఒక్కో కంపెనీ సహాయ నంబరుకూ ఫోను చేసి, హనోయిలో మనిషికి జబ్బు చేస్తే ఏం చేస్తారో అడగండి" అన్నాను.

ముందు మా కంపెనీ నంబరుకే చేయించాను, ధీమాగా. స్పీకరులో వేణువు మొదలైంది. టీ వచ్చింది, తాగాం, గ్లాసులు కూడా వెళ్ళిపోయాయి. వేణువు ఆగలేదు.

"పాట బాగుందమ్మా" అన్నారు రాజుగారు.

తరవాత సరోజిని గారి అప్పటి ప్రయాణానికి పాలసీ ఇచ్చిన మరో కంపెనీ నంబరుకు చేశారు. వెంటనే ఒకమ్మాయి ఎత్తి, రోగి ఎవరు, ఏ హోటలు అని హిందీలో నెమ్మదిగా అడిగింది. రాజుగారు ఒకప్పుడు తెలుగు సంఘం నాటకాల్లో వేషాలు వేసిన మనిషి. ఆ మెత్తని గొంతు వినగానే ఆయనకు రంగస్థలం గుర్తొచ్చింది కాబోలు, భార్య పేరూ హోటలు పేరూ చెప్పి, కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతోందని గొంతు వణికించారు. ఆపమని చెయ్యి ఊపాను. బాగుంది, కానివ్వండి అన్నాననుకుని ఇంకాస్త ఏడ్చారు.

ఫోను పెట్టగానే మళ్ళీ చేసి నిజం చెప్పమన్నాను. "అంత దూరం ఎవులొత్తారమ్మా?" అంటూనే చేశారు. డాక్టరు అప్పటికే బయల్దేరాడని, ఇక ఆపలేమని ఆ అమ్మాయి చెప్పింది. సరోజిని గారికి చేస్తే ఎత్తలేదు. రాజుగారు మళ్ళీ మళ్ళీ చేస్తూనే ఉన్నారు.

కాసేపటికి ఆవిడే చేశారు.

"ఏటండీ, నాకు కడుపునొప్పంట. మీకెలాగ తెలిసింది?"

"ఊరికే అడిగినాను సరో."

"ఊరికే అడిగితే అంబులెన్సు వచ్చిందండీ."

ఆవిడ అప్పుడు ఆ హోటల్లోనే ఫ్యాక్టరీవాళ్ళ విందులో ఉన్నారట. మర్నాడే కాంట్రాక్టు మీద సంతకాలు. డాక్టరూ నర్సూ నేరుగా బల్ల దగ్గరికి రావడంతో, తాము పెట్టిన చేప వికటించిందేమోనని ఆతిథ్యమిచ్చిన పెద్దమనిషి వణికిపోయాడట. కాంట్రాక్టు చేజారుతుందని ఆవిడకూ గుండె జారింది. చివరికి, తన భర్త బీమాని పరీక్షిస్తున్నాడని ఉన్నదున్నట్టు చెప్పేశారు. బల్ల చుట్టూ నవ్వులు. సంతకాలు అనుకున్నట్టే అయ్యాయి. డాక్టరు ఫీజుకి క్లెయిమ్ పెట్టకుండా ఆవిడే కట్టి, తిరిగొచ్చాక భర్త దగ్గర వసూలు చేసుకున్నారు.

తరవాత ఇద్దరూ మా బ్రాంచికి వచ్చారు. నేను క్షమాపణకు సిద్ధపడి కూర్చుంటే, ఆవిడ రోజుల హద్దు గురించి, బీపీ గురించి వివరంగా అడిగి తెలుసుకున్నారు. "మీ సలహా బాగుంది మేడమ్. మీ ఫోనే బాగోలేదు" అని, వెళ్ళి ఆ రెండో కంపెనీ పాలసీ తీసుకున్నారు.

అంత మంచి ప్రపోజల్ ఎందుకు జారిపోయిందని డివిజనల్ ఆఫీసు సంజాయిషీ అడిగింది. మన నంబరు ఎవరూ ఎత్తలేదని రాశాను. అక్కడి అధికారి నమ్మక తనే ఫోను చేసి చూశారట. ఆయన ఎంతసేపు విన్నారో తెలియదు గాని, కొన్నాళ్ళకు సహాయ సంస్థను మార్చారు.

తరచూ తిరిగేవారు చూడవలసింది ముందు రోజుల హద్దు, జబ్బుల నిజం, ఫోను ఎత్తే మనిషి. ప్రీమియం ఆ తరవాత, సూట్‌కేసు అన్నిటికన్నా ఆఖర్న. ఫోను చేసి పరీక్షించడం మంచిదే. అయితే ప్రశ్న మాత్రమే అడగాలి. భార్య పేరు చెప్పకూడదు.