మూత మీది స్క్రూ

నా చిన్నప్పుడు నాకు తెలియని పని లేదనుకునేదాన్ని. గోదావరికి ఇవతల, మంథనికి ఎదురుగా మా ఊరు. రేవు దగ్గర మా అవ్వ, అంటే అమ్మ, చాయ్ హోటల్ నడిపేది. అందులో పంపు స్టవ్వు ముట్టించే పని నాది. కిరసనాయిలు పోసి, పక్కనున్న స్క్రూ బిగించి, పంపు కొడితే భగ్గున మండేది. ఆ స్క్రూ వదులైతే గాలి పోయి ఆరిపోయేది. "స్క్రూ బిగించినవా?" అని అవ్వ రోజుకు పదిసార్లు అడిగేది. తొమ్మిదేళ్ల నాకు లోకంలో యంత్రాలన్నీ ఆ స్టవ్వులాగే నడుస్తాయని గట్టి నమ్మకం.

అదే రేవులో మా బాపుకు అన్న, మా పెద్దబాపు, పడవ నడిపేవాడు. ఏళ్ల తరబడి తెడ్లు వేసి భుజాలు అరిగిపోయాక ఒక పాత మోటారు తెచ్చి పడవ వెనక బిగించుకున్నాడు. దానికే అతికినట్టు పెట్రోలు టాంకు, టాంకుకు మూత, ఆ మూత నడుమ ఒక చిన్న స్క్రూ. ఆ స్క్రూను ఆయన ఎప్పుడూ ముట్టుకోగా చూడలేదు. అది కొంచెం వదులుగానే ఉండేది.

ఒక భాద్రపదంలో వానలు పట్టుకున్నాయి. ఒక సాయంత్రం చివరి ట్రిప్పు అయ్యాక మోటారు మీద తాట్‌పత్రి కప్పి రమ్మని పెద్దబాపు నన్ను పంపాడు. కప్పుతుంటే ఆ వదులు స్క్రూ కనబడింది. వాన నీళ్లు లోపలికి పోతాయనుకున్నాను. పైగా గాలి పోతే మోటారు నడవదు కదా. పెద్దాయన, పాపం, మరిచిపోయినట్టున్నాడని జాలిపడి, పడవలోని పట్కారు తీసుకుని పళ్లు బిగబట్టి మరీ బిగించాను. ఆ రాత్రి గొప్ప పని చేసిన సంతోషంతో పడుకున్నాను.

తెల్లారి గోదావరి నిండుగా వచ్చింది. ఇవాళ పడవ లేదని పెద్దబాపు అందరికీ చెప్పేశాడు. పది గంటలకు పోస్టాఫీసుకు ఫోను వచ్చింది. మా పక్కింటి వదిన తల్లి పోయింది. వదిన మంథని ఆడబిడ్డ, మగ్గం నేసే ఇంట్లో ఒక్కతే కూతురు. మబ్బు దిగి ఉంది, మళ్లీ వాన పడితే కట్టెలు అంటుకోవు, పన్నెండింటికల్లా ఎత్తుతామన్నారట. బస్సులో చుట్టు తిరిగి పోవాలంటే పొద్దుగూకుతుంది. పడవలో అయితే అరగంట. వదిన చెప్పులు కూడా వేసుకోకుండా రేవుకు వచ్చింది. పెద్దబాపు వెంటనే తాట్‌పత్రి తీసేశాడు.

తాడు చుట్టి లాగితే మోటారు మొదటిసారికే పలికింది. నాలుగు నిమిషాలు తిరిగి, దగ్గి, ఆగిపోయింది. నయం, పడవ ఇంకా ఒడ్డున మోకుతో కట్టే ఉంది. పెద్దబాపు మూత తీసి పెట్రోలు చూశాడు. నిండుగా ఉంది. మళ్లీ లాగాడు. పలికింది, ఆగింది. ప్లగ్గు విప్పి, పంచె కొంగుతో తుడిచి, నిప్పురవ్వ వస్తుందో లేదో చూసి మళ్లీ బిగించాడు. పెట్రోలు దిగే జాలీ విప్పి కడిగాడు. ప్రతిసారీ మూత తీసి చూడటం, లాగడం, అది పలికి ఆగడం, అదే తంతు. చుట్టూ చేరిన పదిమంది తలా ఒక సలహా ఇచ్చారు. ఆయన చేతులు మాత్రం తొందరపడలేదు. ఒకటి చూశాకే ఇంకొకటి.

"తెడ్లేసుకొనన్న పోదాం మామా," అంది వదిన.

"గీ వరదల తెడ్లు ఆగయి బిడ్డా. ఎటు గుంజుకపోతదో తెల్వది."

"మా అవ్వ మొఖం జూస్తనా, సూడనా? గదొక్కటి చెప్పు."

ఆయన మళ్లీ ప్లగ్గు మీదికి వంగాడు. నేను హోటల్ గుంజను పట్టుకుని నిలబడ్డాను. అప్పటికే నాకు అనుమానం మొదలైంది. తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేదు.

పన్నెండు కావస్తుండగా ఆయన చేతులు ఒక్కసారి ఆగాయి. మూత తీసి చూసిన ప్రతిసారీ మోటారు పలుకుతోంది, మూత పెట్టిన కాసేపటికి ఆగుతోంది. ఆయన మూత తీసి పక్కన పెట్టి తాడు లాగాడు. మోటారు ఆగకుండా తిరిగింది. అప్పుడు మూతను చేతిలోకి తీసుకుని స్క్రూను చూశాడు. దాని మీద పట్కారు పళ్ల గాట్లు ఉన్నాయి. తల ఎత్తి నేరుగా నా వైపు చూశాడు. నేను గుంజ వెనక్కి జరిగాను.

"రాత్రి వాన పడ్తదని నేనే బిగించిన. విప్పుడు మర్చిన," అన్నాడు వదినతో. "తప్పు నాదే బిడ్డా."

స్క్రూ వదులు చేసి, మూత పెట్టి, మోకు విప్పాడు. పడవ నది నడిమికి చేరకముందే అవతలి ఒడ్డున పొగ లేచింది. పడవలో వదిన లేచి నిలబడింది. అంత దూరం నుంచి నాకు ఆమె ఏడుపు వినబడలేదు. నిలబడి ఉండటం మాత్రం కనబడింది.

ఆ సాయంత్రం పెద్దబాపు నన్ను పడవలో కూర్చోబెట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. "స్టవ్వు గాలిని లోపట వెట్టుకొని మండుతది. గిది గట్ల గాదు. పెట్రోలు కిందికి దిగాల్నంటే మీదికెల్లి, స్క్రూ సందులకెల్లి, జర గాలి లోపటికి పోవాలె," అని నెమ్మదిగా చెప్పాడు. "ఇయ్యాల్టికి నేను మోసిన. నీకు ధైర్నం వచ్చిన్నాడు నువ్వే వోయి చెప్పు," అన్నాడు. నేను తల ఊపాను.

దినాలు చేసుకుని వదిన బస్సులో చుట్టు తిరిగి వచ్చింది. తర్వాత ఎన్నడూ ఆయన పడవ ఎక్కలేదు. ఎదురుపడితే తల వంచుకుని పోయేది. మామా అనే పిలుపు మానేసింది. ఆయన ఒక్కసారి కూడా నన్ను "చెప్పినవా?" అని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. రేపు చెబుదాం, పండుగ పోయాక చెబుదాం అనుకుంటూనే నాకు పెళ్లయింది. ఆయన పోయాడు.

ఆయన పదకొండో రోజున వదిన ఇంటికి పోయి అంతా చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టింది. కోప్పడితే బాగుండు అనిపించింది నాకు.

"గీ మాట ఆయన ఉన్నప్పుడు చెప్తే ఏంబోయేది పిల్లా," అంది. "ఒక్కపారన్న మామా అని పిలుస్తుంటి."

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఇంట్లో పాలు పొంగినా, చెంబు సొట్టపోయినా, ఎవరూ అడగకముందే నేనే చేశానని చెప్పేస్తాను. మనవరాళ్లు నవ్వుతారు. వాళ్ల తప్పు నా మీద వేసుకోవాలని నాకూ అనిపిస్తుంది, ప్రేమ అలాంటిది. వేసుకున్నా, వాళ్లు వెళ్లి చెప్పేదాకా చెప్పినవా అని అడుగుతూనే ఉంటాను. వదినకు తల్లి మొఖం దక్కలేదు, అది నేను తెలియక చేసిన పని. పెద్దబాపుకు ఆ పిలుపు దక్కలేదు. దానికి మాత్రం నా దగ్గర సాకు లేదు.