చీరల షాపుకి వెళ్లిన ఇడ్లీ మెసేజ్

ఆ రోజుల్లో అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు పూర్తిచేసిన ప్రతివాళ్లకీ ప్రపంచాన్ని నడిపేది తామేనన్న నమ్మకం ఒకటి ఉచితంగా వచ్చేది. నాకు కాస్త ఎక్కువే వచ్చింది. మా లేడీస్ హాస్టల్లో కొంచెం ఆలస్యంగా దిగితే ఇడ్లీ దొరికేది కాదు. అందుకని "ఇడ్లీ అయిపోతోంది, త్వరగా దిగండి, తర్వాత ఏడ్చి లాభం లేదు" అని అమ్మాయిలందరి ఫోన్లకీ మెసేజ్ పంపే చిన్న ప్రోగ్రాం రాశాను. ఆ దెబ్బతో హాస్టల్లో నాది రాణివైభోగం (నా వాటా విడిగా దాచిపెట్టేవారు).

పంజాగుట్టలో నేను ట్రైనీగా చేరిన ఆఫీసులో మా లీడ్‌ని 'జర అన్న' అనేవాళ్లం, ఆ మాట లేనిదే ఆయనకి వాక్యం మొదలవదు. నా ప్రోగ్రాం చూసి, "జర దీన్ని ఫంక్షన్ లెక్క చెయ్యి. ఎవరికి పంపాల్నో, ఏం పంపాల్నో దాన్ని వాడేటోడు చెప్తడు, పంపుడు దీని పని. అందరం వాడుకుంటం. మంచిగ చేస్తే నీ ఉద్యోగం పర్మనెంట్" అన్నాడు. ఇంకేం, నా కాళ్లు నేల మీద ఆగలేదు. నంబర్లు బయటినుంచి తీసుకునేలా మార్చాను. మెసేజ్‌లోని మాటల్ని మాత్రం మార్చడం మర్చిపోయి, లోపల ఉన్నవి ఉన్నట్టే వదిలేశాను. టెస్ట్ చేయలేదా అంటారేమో, శుభ్రంగా చేశాను. హాస్టల్ అమ్మాయిల నంబర్లిచ్చి ఇడ్లీ మెసేజే పంపాను. అదే వెళ్లింది, అందరూ బిలబిలా దిగారు. ఇంతకన్నా రుజువేం కావాలి?

మర్నాడు మా క్లయింటు, ఓ చీరల షాపు ఓనరు గారు, డిస్కౌంట్ సంగతి కస్టమర్లకి పంపమన్నారు. మావాళ్లు నా ఫంక్షన్‌తోనే పంపారు. బంజారా హిల్స్ పట్టుచీరల మేడమ్‌లందరికీ షాపు పేరు మీద ఇడ్లీ అయిపోతోందని వెళ్లింది. "ఎవరు రాసిండ్రు గిది?" అని లేచాడు జర అన్న (ఒక్క 'జర' కూడా లేదు). నా ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. ఇంట్లో ఏం చెప్పాలిరా దేవుడా అని అక్కడే కూర్చుని ముక్కు చీదుతుంటే ఓనరు గారి ఫోనొచ్చింది. అన్న స్పీకర్లో పెట్టాడు.

"ఏంటండీ ఆ మెసేజ్? చీర కొంటే ఇడ్లీ కూడా పెడుతున్నారా అని ఒకటే జనం. పక్క టిఫిన్ సెంటర్ నుంచి తెప్పించాను. చట్నీయే సరిపోవట్లేదు. రాసినవాళ్లనేమీ అనకండి."

అన్న ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు. "జర ఆ మాటలు బయటికి తియ్" అన్నాడు.

"మరి ఉద్యోగం, అన్నా?"

"ఉన్నది తల్లీ. ముందుగాల గది తియ్."

ఆ సాయంత్రం మెట్రోలో ఒక్కదాన్నే పకపకా నవ్వుతుంటే పక్కావిడ భయపడి జరిగి కూర్చుంది. ఇప్పుడు నేను రాసేవన్నీ సవ్యంగానే నడుస్తాయి, ఎవరూ ఫోన్ చేయరు. కానీ పొద్దున అంతలా ఏడ్చి, సాయంత్రానికి అలా నవ్వగలిగిన ఆ పిల్లంటే మాత్రం నాకు కాస్త అసూయే.