ముఖాలు ఎటు చూస్తే అటు నుంచి

మా పక్కింటి ఆంటీ పోయారు. పోయిన మంగళవారం పొద్దున్న వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. చికాగో పక్కన ఈ నేపర్‌విల్‌లో శనివారం శనివారం ఆవిడ గరాజ్‌లో ఈజిప్టు బొమ్మల రాత నేర్చుకున్న పిల్లల ఇళ్ళకి ఈ కబురు చేరే ఉంటుంది. అయినా రాయకుండా ఉండలేను.

హాస్పిటల్ ల్యాబ్‌లో రిటైరయ్యాక ఆవిడ అందరిలా టమాటా మొక్కలు వేసుకోలేదు. రైలెక్కి చికాగో మ్యూజియానికి వెళ్ళి, వేల ఏళ్ళనాటి రాత నేర్చుకొచ్చారు. "ఇప్పుడు ఆ భాష మాట్లాడేవాళ్ళే లేరు కదాంటీ" అంటే, "హాయి కదా, నాకు తప్పులు పట్టేవాళ్ళు ఉండరు" అనేవారు.

ఎండాకాలం పాఠం డ్రైవ్‌వే మీద, సుద్దముక్కలతో. వాన వచ్చి కడిగేస్తే పిల్లలు మొహాలు వేలాడేసేవారు. "పోతే పోయింది, మళ్ళీ రాద్దాం పట్టండి" అనేవారు ఆవిడ.

ఓసారి మావాడు గుడ్లగూబ బొమ్మ చూసి "ఇట్స్ నైట్, ఆంటీ!" అని అరిచాడు. ఎమోజీలతో పెరిగిన బుర్ర మరి.

"బొమ్మ కదా అని ఊహించేయకు నాన్నా, చదువు. ఇక్కడ గుడ్లగూబ అంటే 'మ' శబ్దం."

ఎటు నుంచి చదవాలో కూడా బొమ్మలే చెబుతాయట. పక్షులూ మనుషులూ ఎటు చూస్తుంటే అటు వైపు నుంచే వాక్యం మొదలు. "చుట్టాలకి ఎదురెళ్ళినట్టు వెళ్ళాలి" అని నేర్పారు.

ఈ ఏడు స్ట్రోక్ వచ్చి మాట పోయింది, కుడిచెయ్యి పడిపోయింది. "క్లాస్ ఇంక క్లోజ్ చేసేద్దాం మమ్మీ, ప్లీజ్" అంది వాళ్ళమ్మాయి. ఆంటీ కుర్చీలోంచి వంగి, ఎడమచేత్తో గరాజ్ నేల మీద వంకరటింకరగా పిల్లల బొమ్మలు గీశారు. ఆ బొమ్మలన్నీ వీధిలోకి తెరుచుకునే గరాజ్ తలుపు వైపు తిరిగి ఉన్నాయి.

"చూశావా అక్కా, పిల్లల్ని పంపించేయమంటోంది" అని వాళ్ళమ్మాయి కళ్ళు తుడుచుకుంది. నేనూ తలూపబోయాను. ఆంటీ సుద్దముక్కతో నేలను టకటకా కొట్టారు. అప్పుడు వెలిగింది నాకు. మేమిద్దరం ఊహిస్తున్నాం, చదవడం లేదు.

"పంపించమని కాదే. ముఖాలు తలుపు వైపున్నాయిగా, పిల్లలొచ్చే అటు నుంచి మళ్ళీ మొదలుపెట్టమంటున్నారు" అన్నాను.

ఆంటీ నవ్వారు. ముఖంలో సగమే నవ్వింది. నాకది చాలు.

మావాడి పక్కన కూర్చుని నేర్చుకున్నదే తప్ప, ఆవిడకి వచ్చినంత నాకు రాదు. వచ్చినంతా చెబుతాను, రానిది నేర్చుకుని చెబుతాను. క్లాస్ మాత్రం ఆగదు.

మొన్న శనివారం నేనే గరాజ్ తలుపు ఎత్తాను. బయట పిల్లలు సుద్దముక్కలు పట్టుకుని నిలబడ్డారు. నేల మీది వంకర పిల్లలంతా వాళ్ళకేసే చూస్తున్నారు.